చందా సాఫ్ట్‌వేర్ చెరిపిన పచ్చబొట్టు

2023, వానలు మొదలైన రోజులు. ఆమదాలవలసలో రైల్వే స్టేషన్‌కి వెళ్ళే దారిలో మాకో ఫోటో స్టూడియో ఉంది. కెమెరా మా ఆయనది, కంప్యూటర్ నాది. పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ ఆయన తిరుగుతారు. ఆయన తెచ్చిన ఫోటోలను దిద్ది ఆల్బమ్‌లోకి ఎక్కించేది నేను. దీన్ని మేం రీటచింగ్ అంటాం. ఫోటోలో మచ్చ, మరక, గీత, వెలుతురు తేడా ఉంటే సరిచేయడం. పెళ్ళికి ముందు విజయనగరంలో ఒక కలర్ ల్యాబ్‌లో నేర్చుకున్నాను, ఇరవై ఏళ్ళు దాటింది. చెయ్యి తిరిగిన మనిషినని నలుగురూ అంటారు, నేనూ అనుకునేదాన్ని. అలా అనుకున్నందుకు నాకు ఎక్కడ దెబ్బ తగిలిందో చెబుతాను.

మా దగ్గర చాలాకాలం ఒక పాత ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉండేది. డబ్బాలో సీడీ, కవరు మీద పొడుగాటి నంబరు. ఒకసారి కొన్నాం, అంతే. ఆ తర్వాత ఆ కంపెనీవాడు ఉన్నాడో లేదో మాకు అక్కర్లేదు, మేం ఉన్నామో లేదో వాడికీ అక్కర్లేదు. కొన్నేళ్ళకి కొత్త కెమెరా ఫైళ్ళు అందులో తెరుచుకోవడం మానేశాయి. అదే కంపెనీ కొత్తది కావాలంటే సబ్‌స్క్రిప్షన్ ఒక్కటే దారి. అంటే సాఫ్ట్‌వేర్ మన సొంతం కాదు, కట్టినంతకాలం వాడుకోనిస్తారు. దానికి బదులుగా వాళ్ళే దూరం నుంచి దాన్ని ఎప్పటికప్పుడు మారుస్తుంటారు. ఆ మార్పుని అప్‌డేట్ అంటారు.

"వినాయకచవితి చందా అయినా ఏడాదికోసారే. వీళ్ళేటి, నెలనెలా రసీదు పుస్తకం పట్టుకొస్తారు?" అన్నారు మా ఆయన. "ఒక్కపాలి కొనీసి ఊరుకునేవి వేరే కంపెనీలవి ఉన్నాయంట. అవి సూడరాదా?"

"అవి కొన్న మర్నాడే పాతబడిపోతాయి. ఇది ఎప్పుడూ కొత్తగా ఉంటాది," అన్నాను.

"ఎప్పుడూ కొత్తగా ఉండేదానితో కాపరం ఎలాగ సేస్తావే?"

నవ్వేశాను. మా ఇంట్లో కంప్యూటర్ విషయంలో గెలుపు ఎప్పుడూ నాదే. చందా కట్టేశాం. నిజం చెప్పాలంటే అది బాగుంది కూడా. గంట పట్టే పని పది నిమిషాల్లో అయ్యేది. నేను ఆయన్ని దెప్పని రోజు లేదు.

కథలోకి వెళ్ళేముందు మా పని గురించి ఒక్క మాట చెప్పాలి. లేయర్ అని ఒకటి ఉంటుంది. ఫోటో మీద పరిచిన పలచటి గాజు కాగితం అనుకోండి. దిద్దుబాటు ఆ కాగితం మీదే జరుగుతుంది, కింద అసలు ఫోటో అలాగే ఉంటుంది. తప్పు చేస్తే కాగితం తీసి పారేయొచ్చు. పాత ఫోటోలు దిద్దడానికి నేను ఒక బటన్ తయారు చేసి పెట్టుకున్నాను. ముందు లేయర్ పరిచి, తర్వాత దాని మీద దుమ్ము, గీతలు దులపడం దాని పని. కాలం చేసినవాళ్ళ ఫోటోలకే ఎక్కువగా వాడేదాన్ని కాబట్టి దానికి 'పెద్దలు' అని పేరు పెట్టాను. తెర మీద కుడివైపు పైమూల దాని చోటు. చూడకుండా నొక్కేంత అలవాటు.

ఇక నూకాలు. సముద్రం ఒడ్డు ఊరి నుంచి తొలి ఆటోలో వచ్చి మా వీధిలో చేపలమ్ముతుంది. వయసు నలభై, నాకంటే మహా అయితే ఓ ఏడాది చిన్న. నన్ను అప్పా అని పిలుస్తుంది, వాళ్ళ యాసలో అక్కా అని. అప్పా అన్నంతమాత్రాన బేరం దగ్గర తగ్గేది లేదు, "నీ కంపూటర్‌లో సేప దిద్దుకుని వండుకో" అనేది. అలాంటి మనిషి ఒకరోజు పొద్దున్నే గంప లేకుండా వచ్చింది.

"అప్పా, మా అయ్య పోనాడు," అంది. కొంగు ముడి విప్పి ప్లాస్టిక్ కవరులో చిన్న ఫోటో తీసింది. "దీన్ని బేగి బొమ్మ తీసీసుకుని తిరిగి నాకిచ్చీ. మట్టి సేసీలోగా అయ్య జేబులో ఎట్టాల. బతికున్నన్నాళ్ళూ ఎవుల్నీ ముట్టనివ్వనేదు. పోయినప్పుడు నాతో పంపండర్రా అన్నాడు."

అరచేతిలో సగం ఉంది ఆ ఫోటో. ఎప్పుడో జాతరలో గుడారం వేసుకున్న స్టూడియోలో తీయించిన నలుపు తెలుపు బొమ్మ. కుర్చీలో ఇరవై ఏళ్ళ అమ్మాయి, ఒళ్ళో నెలల పిల్ల. ఆ పిల్ల నూకాలు. రెండేళ్ళు నిండకుండానే తల్లి జ్వరంతో పోయింది. పేరు ఎల్లమ్మ.

"నాకు మాయమ్మంటే ఇదేనప్పా. ఇంకో మొకం తెలవదు," అంది నూకాలు. ఫోటోలో గడ్డం మీద వేలు పెట్టి చూపించింది. "ఇదిగో, మూడు సుక్కలు. పచ్చబొట్టు. అది సూసే మురిసిపోనాడంట మా అయ్య. తాగినా సెప్పేవోడు, తాగకపోయినా సెప్పేవోడు."

ఇంట్లో ఎవరో ఫోన్‌తో ఒకసారి తీశారట ఆ ఫోటోని. కవరు మీద వెలుతురు పడి ముఖం ఉండాల్సిన చోట తెల్లమచ్చ ఒకటి వచ్చింది. అందుకని నేను కవరు లోంచి తీసి, పెద్ద సైజులో స్కాన్ చేసి, ఫోటో ఆమె చేతిలో పెట్టేశాను. అది వాళ్ళ నాన్నతోపాటు మట్టిలోకి వెళ్ళిపోయింది.

"పెద్దకార్యానికి ఇద్దర్నీ పక్కపక్కన కూకోబెట్టి పెద్ద పటం కట్టీ అప్పా. బతికుండగా రెండు మూడేళ్ళే కూకున్నారు," అని చెప్పి వెళ్ళింది.

ఇలాంటి పటాల్లో ముసలి భర్త పక్కన ఇరవై ఏళ్ళ భార్య కూర్చోవడం మాకు కొత్త కాదు. పోయినవాళ్ళు పోయిన వయసులోనే ఉండిపోతారు. చూసేవాళ్ళూ తప్పు పట్టరు. వాళ్ళ నాన్న ఫోటో మా దగ్గరే ఉంది, ఏదో కార్డు కోసం అంతకుముందు ఏడాది మా ఆయన తీసింది. పని తేలికే అనుకున్నాను. పెళ్ళి ఆల్బమ్‌లు నెత్తిమీద ఉండి ఎనిమిదో రోజుకి గానీ దాన్ని తెరవలేదు.

ఆరోజు సాఫ్ట్‌వేర్ తెరవగానే, నాలుగైదు రోజులుగా వస్తున్న రంగురంగుల కిటికీ మళ్ళీ పైకొచ్చింది. కొత్తగా ఏమేం తెచ్చామో చూడండి అని ఇంగ్లీషులో పెద్ద పురాణం. అలాంటివి ఎవరు చదువుతారండీ! మూల ఉన్న ఇంటూ గుర్తు నొక్కేశాను. ఎల్లమ్మ ఫోటో తెరిచాను. ఫోటో నిండా బూజు చుక్కలు, గోటి గీతలు. ముఖం పెద్దది చేసి ఒకసారి చూసి, అలవాటుగా కుడివైపు పైమూల బటన్ నొక్కాను.

రెప్పపాటులో శుభ్రమైపోయింది. దుమ్ము లేదు, గీత లేదు, ముఖం కడిగిన ముత్యంలా ఉంది. అబ్బ, నా బటన్ ఎంత బాగా పనిచేస్తోంది అని మురిసిపోయి సేవ్ కొట్టాను. పక్కన తండ్రిని కూర్చోబెట్టి, వెనక నీలం తెర వేసి, ప్రింటు తీసి ఫ్రేము కట్టించాను. మా ఆయన్ని పిలిచి చూపించాను కూడా. "బాగుంది," అన్నారు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం నూకాలు వచ్చింది. పటం రెండు చేతులతో పట్టుకుని చూసింది. పమిట చెంగుతో అద్దం తుడిచి మళ్ళీ చూసింది. బాగుందని అంటుందనుకుని నేను నవ్వుముఖంతో నిలబడ్డాను.

"అప్పా, ఈవిడెవులు?" అంది.

నాకు అర్థం కాలేదు. "మీ అమ్మే కదే."

"మాయమ్మకి పచ్చబొట్టు ఉంటాది."

అప్పుడు చూశాను. గడ్డం నున్నగా ఉంది. చుక్క లేదు, చుక్క ఉన్న జాడా లేదు. ఆ చర్మం నలభై ఏళ్ళ కిందటి ఎండలో తిరిగిన మత్స్యకారుల ఆడపిల్ల చర్మం కాదు, మేం పెళ్ళి ఆల్బమ్‌లో పెళ్ళికూతుళ్ళకి పూసే చర్మం. ఫైల్ తెరిచి లేయర్ తీసేస్తే సరిపోతుంది కదా అని కంప్యూటర్ దగ్గరికి పరిగెత్తాను. లేయర్ లేదు. ఉన్నది ఒక్కటే బొమ్మ, ఆ నున్నటి బొమ్మ.

జరిగింది తెలుసుకోవడానికి పావుగంట పట్టింది. అప్‌డేట్‌లో వాళ్ళ సొంత బటన్ ఒకటి కొత్తగా వచ్చి నా 'పెద్దలు' చోట కూర్చుంది. నాది ఒక వరస కిందికి జరిగింది. వాళ్ళ బటన్ లేయర్ పరవదు, నేరుగా ఫోటో మీదే పనిచేస్తుంది. మచ్చనీ పచ్చబొట్టునీ ఒకే గాటన కట్టి ఊడ్చేసింది. ఆ పైన నేను సేవ్ కొట్టాను, అసలు స్కాన్ మీదనే. బ్యాకప్ మేం నెలాఖరున తీస్తాం, అది ఇంకా రాలేదు. పాత రూపాలు దాచే సదుపాయం సబ్‌స్క్రిప్షన్‌లో ఉంది గానీ వాళ్ళ క్లౌడ్‌లో పెట్టిన ఫైళ్ళకే, నేను మా డ్రైవ్‌లో పెట్టుకున్నాను. కంపెనీ సహాయం కిటికీలో మొర పెట్టుకుంటే, అసౌకర్యానికి చింతిస్తున్నాం, మీ అసలు ఫోటోని మళ్ళీ స్కాన్ చేయండి అని జవాబొచ్చింది. అసలు ఫోటో ఎక్కడుందో వాళ్ళకేం తెలుసు!

ఇరవై ఏళ్ళ పనిలో ఫోటో పాడుచేశాను, ఆల్బమ్ ఆలస్యం చేశాను, ఒకసారి వరుడి పక్కన వధువు చెల్లెల్ని అతికించాను. ఒక మనిషికి లోకంలో మిగిలిన ఒక్క ముఖాన్ని పోగొట్టడం ఎప్పుడూ జరగలేదు. మా ఆయన చెప్పబోతే ఆపి నేనే చెప్పాను.

"తప్పు నాదే నూకాలూ. చెరిపేశాను. మళ్ళీ రాదు."

"ఏటి సెరిపీసినావు?" అంది. "మాయమ్మనా?"

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుణ్ణనుకున్నాను. ఆమె బల్ల మీదికి వంగి, "మూడు సుక్కలే కదప్పా, నువ్వే ఎట్టీ. ఎట్టగలవు కదా," అంది. ఎక్కడ పెట్టాలో చూపించమన్నాను. వేలు తెర దాకా తీసుకెళ్ళింది. "ఇక్కడ" అంది. కాదని కిందకి జరిపింది. మళ్ళీ పక్కకి జరిపింది. వేలు గాల్లో ఆగిపోయింది.

"రోజూ సూసిందే... నాకే తెలవట్నేదప్పా," అని అప్పుడు ఏడ్చింది. తండ్రి పోయాడని చెప్పడానికి వచ్చినరోజు కూడా అలా ఏడవలేదు.

కాసేపటికి తనే కళ్ళు తుడుచుకుని, తల్లి అక్క ఊళ్ళోనే ఉందని చెప్పింది. పేరు రాములమ్మ. అక్కాచెల్లెళ్ళిద్దరికీ ఒకేరోజు పచ్చబొట్టు పొడిచారట. ఆవిడ మోకాళ్ళు పనిచేయవు, ఆటో ఎక్కలేదు. పెద్దకార్యానికి ఉన్నది ఒక్కరోజు. ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని, వానలోనే మా ఆయన బండి వెనక కూర్చున్నాను, నూకాలు ముందు ఆటోలో వెళ్ళింది.

రాములమ్మ ఇల్లు ఊరి చివర, సముద్రం హోరు వినబడేంత దగ్గర. అరుగు మీద వలల పక్కన కూర్చుని ఉంది ముసలావిడ. ఆవిడ గడ్డం మీద మూడు చుక్కలు స్పష్టంగా కనబడుతున్నాయి. గబగబా ల్యాప్‌టాప్ తెరిచాను. సాఫ్ట్‌వేర్ తెరుచుకోలేదు. మీ చందా సరిచూసుకోవాలి, ఇంటర్నెట్ కలపండి అని ఒకటే పాట. ఆ వానకి ఫోన్లో ఒక్క గీత సిగ్నల్ లేదు. చందా కట్టే ఉంది, కట్టానని నాకు తెలుసు, వాళ్ళకీ తెలుసు. అయినా ఆ అరుగు మీద నేను నా పనిముట్టు ముట్టుకోవడానికి వీల్లేదు. కొడవలి పట్టుకుని చేనుకి వెళితే, ఆసామి వచ్చి ఔనంటే గానీ అది తెగదన్నట్టుంది. నాకు దుఃఖం, కోపం కలిసి వచ్చాయి.

మా ఆయన బండి డిక్కీలోంచి ఇంకో ల్యాప్‌టాప్ తీశారు. పాతది, డబ్బా సీడీ సాఫ్ట్‌వేర్ ఎక్కించినది. బయల్దేరేముందు ఎప్పుడు పెట్టారో నేను చూడలేదు. మూలుగుతూ మూలుగుతూ తెరుచుకుంది, ఎవరినీ ఏమీ అడగలేదు. కొత్త కెమెరా ఫైలు కాదు, మామూలు స్కానే కాబట్టి పెన్‌డ్రైవ్‌తో ఎక్కించగానే బొమ్మ వచ్చింది. ఆయన నన్ను దెప్పనూ లేదు. అది ఇంకా కష్టంగా ఉంది.

రాములమ్మకి జరిగింది చెప్పాను. చెవులు రిక్కించి విని బుగ్గ నొక్కుకుంది. "ఓలమ్మో! మడిసి పోతే బంగారం ఒలిసీసుకుంతారు, కోక ఒలిసీసుకుంతారు. పచ్చబొట్టు మాత్రం మనతో కూడా వస్తాదని పొడిపించుకుంతాం. దాన్ని కూడా ఒలిసీసినావేటి తల్లీ!"

చావు కూడా ఒలవలేనిదాన్ని నేను మౌస్ ఒక్క నొక్కుతో ఒలిచేశాను. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

"మూడు చుక్కలూ ఎక్కడెక్కడో చెప్పు పెద్దమ్మా, పెడతాను," అన్నాను.

"మూడేటి? మూడు నావి. దానివి మూడు కావు."

నూకాలు ఉలిక్కిపడింది. "అదేటే పెద్దమ్మా! అయ్య మూడనే సెప్పేవోడు కదా."

"మీ అయ్యకేటి తెలుసు, మొగోడు. రెండున్నర. రెండు సుక్కలు పొడిసినదాకా పళ్ళు బిగబట్టి కూకున్నాది. మూడోది సగం పొడిసీసరికి బేరుమని లెగిసి ఒడ్డంట పరిగెట్టీసినాది. మాయమ్మ, ఆ పచ్చబొట్లావిడ, నాను, అందరం ఎనకాల. మరి కూకుంటే ఒట్టు. అది సగంలోనే ఉండిపోనాది."

నేను మౌస్ పట్టుకున్నాను. ఆవిడ తెరకి ముక్కు ఆనించి చెప్పింది. "కిందకి... ఇంకాస్త ఎడం పక్క... అదీ. రెండోది దాన్ని ఆనుకుని కాదు, జాగా ఒదులు." మూడోది పెట్టాక గట్టిగా తల ఊపింది. "అంత నలుపు కాదు. బూడిద రంగు. సగం, సగమే." తగ్గించాను. ఇంకా తగ్గించాను. "అదిగో మా ఎల్లి," అంది ముసలావిడ.

నూకాలు తెర వైపు చూడటం లేదు, పెద్దమ్మ వైపు చూస్తోంది. "మాయమ్మ ఏడిసిందా?" అని అడిగింది.

"ఊరంతా ఇనబడీలాగ."

నూకాలు నవ్వింది. నవ్వుతూనే కళ్ళు ఒత్తుకుంది. నా చెయ్యి పట్టుకుని, "పుట్టి బుద్దెరిగిన కాడ్నుంచీ మాయమ్మ గురించి అవే నాలుగు మాటలు ఇంటన్నానప్పా. ఇయ్యాల అయిదోది ఇన్నాను," అంది.

మర్నాడు పొద్దున్నే కొత్త పటం ఇచ్చాం. పాత చర్మం గరుకు మాత్రం నేను తిరిగి తేలేకపోయాను, అది పోయింది పోయినట్టే. ఆ వారమంతా కొత్త పని ముట్టుకోకుండా, అప్‌డేట్ వచ్చిన రోజు నుంచి నేను దిద్దిన ప్రతి ఫోటో తెరిచి చూశాను. ఇంకా అయిదు దొరికాయి. ఒకాయన నుదుటి మీద మచ్చ, ఒక ముసలమ్మ ముఖాన అమ్మవారు పోసిన గుంటలు, ఒక పిల్లవాడి పెదవి మీద కుట్టు. ఒక్కరూ తిరిగొచ్చి అడగలేదు. ఫోన్ చేస్తే, "మీరే అందంగా సేసేరనుకున్నాం" అన్నారు. అసలు ఫోటోలు వాళ్ళ దగ్గర ఉన్నాయి కాబట్టి అన్నీ మళ్ళీ చేసి ఇచ్చాం.

చందా మానలేదు. కొత్త కెమెరాతో బతకాలి కదా. అప్‌డేట్ తనంతట తాను రాకుండా ఆపాను, వచ్చిన కిటికీని చదువుతాను, స్కాన్‌ని ఎప్పుడూ రెండుచోట్ల ఉంచుతాను. కాలం చేసినవాళ్ళ ఫోటో వస్తే, పని మొదలెట్టకముందే ఇంటివాళ్ళని అడుగుతాను: ఈ ముఖంలో ఏది చెరపకూడదు? ఒక్కరిని కాదు, ఇద్దరు ముగ్గుర్ని అడుగుతాను.

ఎవరైనా స్టూడియోవాళ్ళు, ఒకేసారి కొనేది మంచిదా, సబ్‌స్క్రిప్షన్ మంచిదా అని అడుగుతుంటారు. మనం అడగకుండా మారనిది మంచిది అని చెబుతాను. ఆ జవాబుతో తప్పంతా కంపెనీ మీదికి పోతుంది, నాకూ హాయిగానే ఉంటుంది. కానీ ఒక సంగతి ఎవరికీ చెప్పలేదు, ఇక్కడ చెబుతున్నాను. ఎనిమిదో రోజు బటన్ నొక్కబోయే ముందు ఎల్లమ్మ ముఖం పెద్దది చేసి చూశానన్నాను కదా. మూడో చుక్క వెలిసిపోయి కనబడింది. ఫోటో పాతబడి అలా అయిందనుకున్నాను. దుమ్ము దులిపాక దాన్ని నా చేత్తో నల్లగా, నిండుగా దిద్దేద్దామని కూడా అనుకున్నాను. ముఖం అంత నున్నగా వచ్చేసరికి మురిసిపోయి ఆ సంగతే మర్చిపోయాను. చుక్కలు చెరపని ఆ పాత సీడీ సాఫ్ట్‌వేర్‌తో అయితే అదే చేసి ఉండేదాన్ని. ఒడ్డు వెంట ఏడుస్తూ పరిగెత్తిన పిల్ల అక్కడితో మాయమైపోయేది, నూకాలు బాగుందప్పా అని నన్ను మెచ్చుకుని పటం పట్టుకెళ్ళేది.